గిటారు ధ్వనియు స్పీకరు పెట్టె ప్రతిరూపమును

గత సంవత్సరము మన పాఠశాల వార్షికోత్సవమునకు ముందునాటి సాయంకాలము హాలులో వాద్యములను సరిచూచుచుంటిమి. అప్పుడొక విద్యార్థి తన ఎలక్ట్రిక్ గిటారును, దానితో కూడ పుస్తకమంత యొక చిన్న యంత్రమును పట్టుకొని వచ్చెను. అట్టి యంత్రమును మోడలరు అందురు. మిక్కిలి బరువైన ఆంప్లిఫయర్లును, వాని స్పీకరు పెట్టెలును చేయు పనిని అంకెల గణితముచేత అనుకరించుట దాని పని. బాలుని తండ్రి రెండేండ్లు కూడబెట్టిన సొమ్ముతో దానిని కొని యిచ్చియుండెను. తీగను హాలు స్పీకర్లకు తగిలించి బాలుడు గిటారును మీటగానే, రేకుడబ్బాలో చిక్కిన కందిరీగ రొదవంటి ధ్వని బయలుదేఱెను. పిల్లలు నవ్విరి, బాలుడు తల వంచుకొనెను. తండ్రి నన్ను ప్రక్కకు పిలిచి, "మాస్టరుగారూ, చవుక సరుకు కొని మోసపోతిమి. అప్పు చేసియైనను ఇంతకంటె పెద్దది కొనెదను. ఏది కొనవలెనో మీరు సెలవీయుడు" అనెను.

అప్పు చేయవలసిన పని లేకపోయెను. యంత్రమున లోపమేమియు లేదు. దానిలో "స్పీకరు పెట్టె ప్రతిరూపము" అను భాగము ఆపివేయబడి యుండెను, అంతే. దానిని తెఱవగానే కందిరీగ పోయి గిటారు వచ్చెను. మఱునాడు ఆ బాలుడు సభలో చక్కగా వాయించెను. నాటినుండి విద్యార్థులును, తలిదండ్రులును ఈ విషయమునుగూర్చి నన్ను అడుగుచునే యున్నారు. ఆ ప్రతిరూపమన నేమి, అది ఎట్లు పనిచేయును, పెక్కింటిలో మనకు తగినదానిని ఎన్నుకొనుట ఎట్లు అను మూడు ప్రశ్నలకు నాకు తెలిసినంత సమాధానము ఇచట వ్రాయుచున్నాను.

మొదట మనకు పరిచితమైన వీణను తలచుకొందము. బొబ్బిలి వీణను పనసకఱ్ఱతో చేయుదురు. తీగ యెంత మంచిదైనను, దానిని రెండు మేకుల నడుమ బిగించి మీటినచో సన్నని కీచుధ్వని మాత్రమే వినబడును. కుండ యను తొలిచిన భాగము ఆ కంపనమును గ్రహించి, కొన్ని స్వరాంశములను పెంచి, కొన్నిటిని అణచి, మనము వీణానాదమని యెఱిగిన నాదమును ఇచ్చుచున్నది. ఎలక్ట్రిక్ గిటారునకు అట్టి కుండ లేదు. అది సాధారణముగా గట్టి చెక్క. ఉక్కు తీగల క్రింద అయస్కాంతములును, వానిచుట్టు సన్నని రాగితీగ చుట్లును ఉండును. తీగ కంపించినపుడు ఆ చుట్లలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. దానిని ఆంప్లిఫయరు పెంచును; స్పీకరు దానిని మరల ధ్వనిగా మార్చును. కావున ఎలక్ట్రిక్ గిటారునకు కుండ గిటారులో లేదు. ఆంప్లిఫయరునకు తగిలించిన స్పీకరు పెట్టెయే దాని కుండ.

ఇక్కడ ఒక ముఖ్యవిషయమును గమనింపవలెను. గిటారు స్పీకరు, సభలలోని స్పీకరువంటిది కాదు. సభలోని స్పీకరు వచ్చిన ధ్వనిని ఉన్నదున్నట్లు పలుకుటకు యత్నించును. గిటారు స్పీకరు అట్లు చేయదు. మనుష్యుని చెవి సెకనునకు 20 కంపనములు మొదలు 20,000 కంపనములవఱకు వినగలదు. ఇంగ్లండు దేశపు సెలెస్టియన్ కంపెనీవారి వింటేజ్ 30 అను ప్రసిద్ధమైన పండ్రెండంగుళముల గిటారు స్పీకరునకు ఆ కంపెనీవారు చెప్పిన హద్దులు 70 మొదలు 5,000 కంపనములు మాత్రమే. అంతకు పైనున్నదానిని అది వేగముగా అణచివేయును.

ఇది లోపము కాదా యని మీరడుగవచ్చును. కాదు, ఇదియే దాని గుణము. గిటారు లావుతీగ సెకనునకు సుమారు 82 మారులు కంపించును. ఇరువదినాలుగు మెట్లుగల గిటారుపై సన్నని తీగను చిట్టచివరి మెట్టున నొక్కినను మూలస్వరము సుమారు 1,318 కంపనములకు మించదు. ఆ పైన వినబడునవి అనుస్వరములు. ఆంప్లిఫయరులో ధ్వనిని బలవంతముగా పెంచి తరంగముల తలలను తెగగొట్టినపుడు, అనగా డిస్టార్షన్ కలిగించినపుడు, ఈ అనుస్వరములు పుట్టలోని చీమలవలె లెక్కలేక పుట్టుకొని వచ్చును. గిటారు స్పీకరు జల్లెడవలె పనిచేసి, వానిలో చెవికి గ్రుచ్చుకొనునవాటిని పైననే నిలిపివేయును. జల్లెడ తీసివేసి సభలోని స్పీకరునకు నేరుగా కలిపినచో పొట్టును, రాయియు అన్నియు చెవిలో పడును. మన బాలునికి జరిగినది ఇదియే.

కాన ప్రథమ సూత్రమిది. మోడలరు నుండి ధ్వని హాలు స్పీకర్లకుగాని, హెడ్‌ఫోనులకుగాని, రికార్డు చేయు కంప్యూటరునకుగాని పోవుచున్నచో పెట్టె ప్రతిరూపము తెఱచియుండవలెను. నిజమైన గిటారు ఆంప్లిఫయరునకును, దాని స్పీకరునకును పోవుచున్నచో మూసియుండవలెను. ఏలయన రెండు జల్లెడలు ఒకదానిపై నొకటి పెట్టినచో ధ్వని దుప్పటి క్రిందినుండి మాటలాడినట్లుండును. కొత్త యంత్రమునకై పరుగెత్తుటకు ముందు ఈ ఒక్క మీటను చూచుకొనుడు.

ఇక ఆ పెట్టెల చరిత్రను సంగ్రహముగా చెప్పెదను. ప్రతిరూపముల పేరులన్నియు ఈ చరిత్రనుండియే వచ్చినవి గనుక ఇది తెలిసిననే ఎన్నిక సులువగును. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున లియో ఫెండరు స్థాపించిన కంపెనీ 1963లో డీలక్స్ రివర్బ్, ట్విన్ రివర్బ్ అను ఆంప్లిఫయర్లను వెలువరించెను. మొదటిదానిలో పండ్రెండంగుళముల స్పీకరు ఒకటి, రెండవదానిలో రెండు. వీని వెనుకభాగము తెఱచియుండును. ఇంగ్లండులో 1950ల చివర పుట్టిన వాక్స్ ఏసీ30 రెండు పండ్రెండంగుళముల స్పీకర్లతో ప్రసిద్ధి చెందెను. బీటిల్స్ అను గాయకబృందమువారు దీనిని వాడిరి. దీనిలోని నీలిరంగు సెలెస్టియన్ స్పీకరు 15 వాట్ల బలమును మాత్రమే ఓర్చును. లండను నగరమున డ్రమ్ముల దుకాణము నడుపుచుండిన జిమ్ మార్షలు అంగడినుండి 1962లో జేటీఎం45 అను ఆంప్లిఫయరు వెలువడెను. దానికి తోడుగా నాలుగు పండ్రెండంగుళముల స్పీకర్లు గల, వెనుక మూసిన పెద్ద పెట్టె వచ్చెను. ఒక స్పీకరు ఓర్వలేని బలమును నాలుగు పంచుకొనునని అట్లు చేసిరి. పచ్చని మూత గలుగుటచే గ్రీన్‌బ్యాక్ అని పేరొందిన 25 వాట్ల సెలెస్టియన్ స్పీకరు ఇట్టి పెట్టెలలో పేరుగాంచెను. పైన చెప్పిన వింటేజ్ 30 మాత్రము 1986లో వచ్చినది. బరువైన రాక్ సంగీతమునకు దీనిని విరివిగా వాడుదురు.

వెనుక తెఱచుటకును మూయుటకును భేదమేమి? స్పీకరు కాగితము ముందునకు కదలినపుడు ముందున గాలి ఒత్తబడును, వెనుక పలుచబడును. వెనుక తెఱచియున్నచో ఈ రెండును పెట్టె అంచులచుట్టు తిరిగి కలిసికొని, మంద్రధ్వనులను కొంత రద్దుచేసికొనును. అందుచే ధ్వని తేలికగా, గదియంతయు వ్యాపించినట్లు ఉండును. మూసియున్నచో మంద్రము బిగువుగా, గుండెకు తగులునట్లు ముందునకు వచ్చును.

ఇంతటి పెట్టెలను అందఱును మోయలేరు. కావున అనుకరణము మొదలయ్యెను. బోస్టన్ అను వాద్యబృందమునకు చెందిన టామ్ షోల్జ్ 1982లో రాక్‌మన్ అను చిన్న యంత్రమును తెచ్చెను. హెడ్‌ఫోనులలో వినుటకై స్పీకరు పెట్టె స్వభావమును అనుకరించు వడపోతలు దానిలో నుండెను. 1998లో లైన్ 6 కంపెనీవారి పాడ్ అను అంకెల యంత్రము వచ్చెను. 2006లో ఫ్రాక్టల్ ఆడియో వారి యాక్స్-ఎఫెక్స్ వచ్చెను. నేడు చౌకయైన యంత్రములలోకూడ ఇంపల్స్ రెస్పాన్స్ అను పద్ధతి కలదు. సంగ్రహముగా దీనిని ఐ.ఆర్. అందురు.

ఈ పద్ధతి వినుటకు కఠినముగా నున్నను, మన యింటి స్త్రీలు ఎఱుగనిది కాదు. కుండ కొనబోయినపుడు వారేమి చేయుదురు? వ్రేలితో ఒక్కమారు తట్టుదురు. ఖంగుమనినచో గట్టికుండ, బొదబొదమనినచో బీటవాఱిన కుండ. ఒక్క తట్టులో కుండ తన సంగతియంతయు చెప్పివేయును. స్పీకరు పెట్టెయు అట్టిదే. దానికొక్క క్షణికమైన తట్టు నిచ్చి, అది పలికిన బదులును మైకుద్వారా రికార్డు చేసినచో, దాని స్వభావము ఆ బదులులో ఇమిడియుండును. ఆ రికార్డే ఐ.ఆర్. వాస్తవముగా ఒక్క తట్టులో చాలినంత బలముండదు గనుక, మంద్రమునుండి తారమువఱకు క్రమముగా ప్రాకు స్వరమును పలికించి, దానినుండి గణితముచే తట్టునకు రావలసిన బదులును రాబట్టుదురు. ఇటలీ దేశపు ఆంజెలో ఫరీనా 2000లో వివరించిన విధానము దీనికి మిక్కిలి ఉపయోగపడుచున్నది.

ఆ బదులుతో మన గిటారు ఎట్లు పలుకును? ధ్వనిని అంకెలుగా మార్చినపుడు సామాన్యముగా సెకనునకు 48,000 అంకెలగును. ప్రతి అంకెయు ఒక చిన్న తట్టు అనుకొనుడు. గట్టి తట్టునకు గట్టిగాను, మెల్లని తట్టునకు మెల్లగాను, ఒకే తీరున పెట్టె బదులు పలుకును. ఈ బదుళ్లన్నిటిని కాలక్రమమున ఒకదానిపై నొకటి కూడినచో, ఆ పెట్టెద్వారా గిటారు పలికినట్లే యగును. ఐ.ఆర్.లో 1,024 అంకెలున్నచో అది సెకనులో సుమారు 21 వేయవవంతులు మాత్రమే. అయినను సూటిగా గుణించినచో ఒక్క సెకను సంగీతమునకు 4,91,52,000 గుణకారములు కావలెను! గణితజ్ఞులు కనుగొన్న దగ్గఱిదారులచే ఈ శ్రమ మిక్కిలి తగ్గును. లెక్కల తరగతిలో "ఇది యెందులకు పనికివచ్చును?" అని నిట్టూర్చు విద్యార్థులు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొందురుగాక.

ఒక ఐ.ఆర్.లో పెట్టెమాత్రమే కాక నాలుగు వస్తువులు కలసియున్నవి. అవి స్పీకరు, పెట్టె, మైకు, మైకుంచిన చోటు. వీనిలో కడపటిదానిని అందఱును చిన్నచూపు చూతురు. కాని మార్పు దానివలననే మిక్కిలిగా కలుగును. స్పీకరు నడుమనున్న బొడుపునకు ఎదురుగా మైకునుంచినచో ధ్వని పదునుగా నుండును. అంచువైపునకు జరిపినకొలది మెత్తబడును. 1965లో వెలువడిన షూర్ ఎస్ఎం57 అను మైకు గిటారు ధ్వనిలో మధ్యభాగమును ముందునకు తెచ్చును. రిబ్బను మైకులు, ఉదాహరణకు రోయర్ ఆర్-121, పై అంచును మెత్తపఱచును. ఇట్టి మైకులను స్పీకరునకు మిక్కిలి చేరువగా నుంచినచో మంద్రము పెరుగును.

ఇది తెలిసినచో ఐ.ఆర్.ల పేరులు వాటంతట అవియే అర్థమగును. పేరులో 112 అని యున్నచో పండ్రెండంగుళముల స్పీకరు ఒకటి. 212 అన్నచో రెండు. 412 అన్నచో నాలుగు. వీ30 యన్నచో వింటేజ్ 30. 57 యనియు 121 అనియు నున్నవి మైకుల గుర్తులు. క్యాప్ అనగా నడిమి బొడుపు, ఎడ్జ్ అనగా అంచు. ఇది మందుసీసాపైని చీటివంటిది, చదువక త్రాగరాదు.

ఇక ఎన్నుకొను క్రమమును చెప్పెదను. మొదట మీరు వాయించు సంగీతమేదియో నిశ్చయించుకొనుడు. పాటకు తోడుగా తేటయైన ధ్వని కావలసినవారు వెనుక తెఱచిన 112తోగాని 212తోగాని మొదలిడుడు. కొంచెము గరగరతో గణగణలాడు ధ్వనికి నీలి స్పీకర్ల 212 తగియుండును. బరువైన రాక్ సంగీతమునకు గ్రీన్‌బ్యాక్ లేక వింటేజ్ 30 గల 412 తగును. ఇవి ఆజ్ఞలు కావు, బయలుదేఱుటకు మైలురాళ్లు.

రెండవది, మూడింటిని మాత్రమే ఏఱుకొనుడు. ముప్పదింటిని వరుసగా విన్న చెవి, ముప్పది మిఠాయిలు తిన్న నాలుకవలె మొద్దుబాఱును. మూడవది, మూడింటిని సమానమైన బిగ్గరతో వినుడు. ఏది కొంచెము బిగ్గరగా నున్నదో అదియే మంచిదని చెవి మోసపోవును, ఇది మానవసహజము. నాలుగవది, ఒక మిత్రుని పిలిచి పేరులు చెప్పక మార్చి మార్చి వినిపింపుమనుడు. ప్రఖ్యాతమైన పేరు చూచి మెచ్చుకొనుట వేఱు, విని మెచ్చుకొనుట వేఱు.

ఐదవది, ఏ స్థాయిలో వాయింతురో ఆ స్థాయిలోనే నిర్ణయింపుడు. మెల్లని ధ్వనిలో మన చెవికి మంద్రమును, మిక్కిలి తారమును తక్కువగా వినబడునని ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు 1933లోనే ప్రకటించిరి. రాత్రివేళ హెడ్‌ఫోనులలో మెల్లగా వినుచు ఆ కొఱతను పూరించుకొన్న వాడు, మఱునాడు హాలులో అదే యమరికతో వాయించినచో క్రింద గుబగుబయు పైన కీచును బయటపడును. ఆఱవది, ఒంటరిగా విని తీర్పు చెప్పవలదు. గాయకుడు, డ్రమ్ములు, బేసు గిటారు కలసినపుడు వినుడు. ఒంటరిగా నిండుగా తోచిన గిటారు, గుంపులో బేసు గిటారు స్థలమునాక్రమించి మంకుగా నుండును. ఒంటరిగా పలుచగా తోచినది గుంపులో స్పష్టముగా వినబడును.

ఏడవది, చిన్న దిద్దుబాట్లు. 80 కంపనములకు క్రిందిదానిని కోసివేసినను గిటారు మూలస్వరములకు నష్టము స్వల్పమే; హాలు గుబగుబ మాత్రము తగ్గును. పైన 6,000 మొదలు 8,000 కంపనముల నడుమ ఒకచోట కోసినచో మిగిలిన కీచు పోవును. ఎంత కోయవలెనో చెవియే చెప్పవలెను. ఇంతతో సరిపడనిచో, దిద్దుబాట్లను పెంచుటకంటె అదే స్పీకరునకు మైకు చోటు మాత్రము మాఱిన మఱియొక ఐ.ఆర్.ను చూచుట మేలు.

కొందఱు రెండు ఐ.ఆర్.లను కలుపుదురు. ఇందులో ఒక చిక్కు కలదు. ధ్వని గాలిలో సెకనునకు సుమారు 343 మీటర్లు పోవును. ఒక మైకు రెండవదానికంటె 17 సెంటీమీటర్లు వెనుకనున్నచో, 1,000 కంపనముల తరంగము ఒకదానిలో పైకి లేచు సమయమున రెండవదానిలో క్రిందికి పోవును. రెండును ఒకదానినొకటి రద్దుచేసికొనును. గిటారు ధ్వని డొల్లపడినట్లు తోచినచో ఇదియే కారణము కావచ్చును. క్రొత్తవారు ఒక్కదానితోనే తృప్తిపడుట మంచిది.

ఈ పద్ధతికి హద్దులును కలవు. గట్టిగా మ్రోయించినపుడు నిజమైన స్పీకరు కాగితము అలసి, తన స్వభావమును కొంత మార్చుకొనును, ఐ.ఆర్. ఎన్నడును అలయదు, మాఱదు. మఱియు అది స్పీకరు చెంత మైకు విన్న ధ్వని. గదిలో నిలిచి మనము విన్న ధ్వని కాదు. ఈ భేదమెఱుగనివారు "నిజమైన ఆంప్లిఫయరువలె లేదు" అని ఐ.ఆర్. వెంట ఐ.ఆర్. మార్చుచు అలసిపోవుదురు. రికార్డులలో మనము మెచ్చుకొన్న గిటారు ధ్వనులు చాలవఱకు మైకు విన్నవేయని తెలిసికొన్నచో ఆ అసంతృప్తి తీఱును.

మన బాలుని కథకు ఒక శేషము కలదు. ప్రతిరూపము తెఱచిన పిమ్మట అతనికి మఱియొక చిక్కు వచ్చెను. ఉచితముగా లభించు ఐ.ఆర్.లను వందలకొలది ప్రోగుచేసి, రాత్రులు వానిని మార్చుచు కూర్చుండెను. అర్ధసంవత్సర పరీక్షలలో మార్కులు తగ్గెను. అంతకంటె వింతయేమన, గిటారు వాదనమును తగ్గెను! తండ్రి మరల నాయొద్దకు వచ్చెను. ఈ మారు నేను బాలునితో, "బాబూ, తేటధ్వనికొకటి, బరువుధ్వనికొకటి ఉంచుకొని, తక్కినవి తుడిచివేయుము. ఆఱునెలలవఱకు వానిని ముట్టవలదు" అంటిని. అతడు అట్లే చేసెను. నిన్నటి సంగీతపు తరగతిలో అతని వ్రేళ్లనుండి ఒక చిన్న రాగమాలిక వింటిని. ఏ పెట్టె ప్రతిరూపము వాడితివని అడుగుట మఱచితిని.

తలిదండ్రులారా, పిల్లలు క్రొత్త యంత్రమడిగినపుడు మొదట పాతదానిలోని మీటలను వారిచేతనే వివరింపజేయుడు. విద్యార్థులారా, పెట్టె గిటారునకు గొంతునిచ్చును. మాట మాత్రము మీరే నేర్చుకొనవలెను.